గుమ్మటం బరువును రబ్బరు మీదికి మార్చడం: శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్ భూకంప రక్షణ, పునరుద్ధరణపై కేస్ స్టడీ

1989 అక్టోబరు 17 సాయంత్రం వచ్చిన లోమా ప్రియెటా భూకంపానికి శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాల్ కూలలేదు. భూకంప కేంద్రం నగరానికి దక్షిణాన దాదాపు 95 కిలోమీటర్ల దూరంలో, శాంటా క్రూజ్ కొండల్లో ఉంది, తీవ్రత 6.9. అంత దూరం నుంచి వచ్చిన కుదుపుకే భవనం మీది గుమ్మటం తన పీఠం మీద నాలుగు అంగుళాలు మెలి తిరిగింది, లోపలి గోడలు పగుళ్లిచ్చాయి. శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే నేల పొరలు విరిగి జారే పెద్ద పగులు, ఈ భవనానికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది. 1906లో 7.9 తీవ్రతతో నగరాన్ని నేలమట్టం చేసింది అదే. తూర్పున అఖాతం దాటగానే హేవార్డ్ భ్రంశం ఉంది. దూరపు భూకంపానికే గుమ్మటం మెలి తిరిగితే, పక్కనున్న భ్రంశం కదిలిన రోజు ఏమవుతుందన్న లెక్క వేయక తప్పని పరిస్థితి 1989లో ఏర్పడింది.

పాత కట్టడాల బలోపేతం వృత్తిగా ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఈ కేసును రాస్తున్నాను. ఆ ప్రాజెక్టులో నాకు ఏ పాత్రా లేదు. బహిరంగంగా నమోదైన వివరాలను, ఈ తరహా పనుల్లో సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులతో కలిపి చదివి, అక్కడ తీసుకున్న ఒక్కొక్క నిర్ణయం వెనుక ఉన్న సాంకేతిక కారణాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. భవనాన్ని రబ్బరు బేరింగుల మీదికి ఎక్కించే బేస్ ఐసోలేషన్ పద్ధతిని ఎన్నుకోవడానికి అసలు కారణం అది అన్నిటికంటే బలమైనది కావడం కాదు; భవనంలో ముట్టుకోకూడని భాగాలు ఏవో ముందుగా తేల్చుకుంటే మిగిలిన దారి అదొక్కటే కావడం.

కట్టడం ఎలాంటిది

దీనికి ముందున్న సిటీ హాల్‌ను పాతికేళ్లకు పైగా కట్టారు. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున అది ఒక్క నిమిషంలో శిథిలమైంది. ఆనాటి ఛాయాచిత్రాల్లో ఇటుక గోడలన్నీ రాలిపోయి, గుమ్మటాన్ని మోసే ఉక్కు చట్రం మాత్రం అస్థిపంజరంలా నిలబడి కనిపిస్తుంది. అందులో ఇంజనీర్లకు రెండు పాఠాలున్నాయి. ఉక్కు చట్రానికి నిలబడే గుణం ఉంది. దానికి గట్టి బంధం లేకుండా పక్కన పేర్చిన ఇటుకకు ఆ గుణం లేదు. మొదటి పాఠాన్ని తర్వాతి తరం బాగానే నేర్చుకుంది. రెండో దాన్ని సగమే నేర్చుకుంది.

కొత్త భవనానికి 1912లో వాస్తు పోటీ జరిగింది. బేక్‌వెల్ అండ్ బ్రౌన్ సంస్థ గెలిచింది. రూపకర్త ఆర్థర్ బ్రౌన్ జూనియర్. 1913లో పని మొదలై, మేయర్ జేమ్స్ రాల్ఫ్ హయాంలో 1915 చివర భవనం ప్రారంభమైంది. రెండు నగర బ్లాకులంత స్థలంలో, సుమారు ఐదు లక్షల చదరపు అడుగుల వైశాల్యంతో, ఫ్రెంచి బోజార్ శైలిలో కట్టిన ఈ భవనం గుమ్మటం నేల నుంచి 307 అడుగులు లేస్తుంది. వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనం కంటే ఇది ఎత్తైనది. నగర పాలనకు సంబంధించిన ముఖ్య సభలు, రిజిస్టరు పెళ్లిళ్లు, నిరసనలు, 1978లో మేయర్ జార్జ్ మాస్కోనీ, సూపర్‌వైజర్ (నగర పాలక సభ్యుడు) హార్వీ మిల్క్‌ల హత్యలు అన్నీ ఈ గోడల మధ్యే జరిగాయి. దీని చుట్టూ ఉన్న సివిక్ సెంటర్ ప్రాంతానికి 1987లో జాతీయ చారిత్రక గుర్తింపు వచ్చింది. అందువల్ల 1989 తర్వాత పడగొట్టి కట్టడమన్నది చర్చకు నిలిచే ప్రతిపాదన కాదు.

నిర్మాణపరంగా చూస్తే, రివెట్లతో బిగించిన ఉక్కు చట్రం బరువును మోస్తుంది. దాని మధ్య ఖాళీలను ఇటుకతో నింపారు. బయట గ్రానైట్ తాపడం చేశారు. లోపలి అడ్డుగోడలు బోలు మట్టి పెంకులతో కట్టి, పైన ప్లాస్టరు చేసినవి. గుమ్మటం కింది గుండ్రటి హాలు, అంటే రోటండాలో నేల టెన్నెసీ గులాబీ పాలరాయి. ఇటుక గోడల్లో ఎక్కడా కమ్మీ లేదు. కమ్మీ లేని ఇటుక గోడ ముందు భవనాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది, ఒక హద్దు దాటగానే హఠాత్తుగా పగిలిపోతుంది. అంతవరకు అది మోసిన భారం ఒక్కసారిగా ఉక్కు చట్రం మీద పడుతుంది. ఆ చట్రపు అతుకులు గాలి ఒత్తిడిని తట్టుకునేలా లెక్కగట్టినవే తప్ప, ఈ స్థాయి భూకంపానికి లెక్కగట్టినవి కావు.

దీనికి తోడు మరో రెండు బలహీనతలున్నాయి. ప్రధాన అంతస్తు చాలా ఎత్తైనది, తెరిపిగా ఉంటుంది, పై అంతస్తులతో పోలిస్తే అక్కడ గోడలు తక్కువ. భూకంపంలో కదలిక అంతా ఇలాంటి మెత్తని అంతస్తులోనే పోగుపడుతుంది. మన ఊళ్లలో కింద పార్కింగు కోసం పిల్లర్ల మీద నిలబెట్టి, పైన గోడలు నింపిన అపార్టుమెంట్ల జబ్బు కూడా ఇదే. ఇక భవనం నట్టనడుమ రోటండా, దానికి ఇరువైపులా వెలుతురు కోసం వదిలిన రెండు ప్రాంగణాలు ఉన్నాయి. అంటే, గుమ్మటం వంటి అతి బరువైన భాగం ఎక్కడుందో సరిగ్గా అక్కడే కింద స్లాబులకు పెద్ద పెద్ద రంధ్రాలున్నాయి. గుమ్మటం ఊగినప్పుడు పుట్టే బలం పక్క గోడలకు చేరాలంటే నడవడానికి సరైన దారి లేదు. 1989 నాటి మెలికకు ఇదే కారణమని నేను అనుకుంటాను.

ఏ పద్ధతి, ఎందుకు

ఇలాంటి భవనాన్ని బలపరచడానికి తెలిసిన మార్గాలు కొన్నే. పునాది నుంచి పైదాకా పక్కకు తోసే బలాన్ని ఆపే దళసరి కాంక్రీటు గోడలు (షియర్ వాల్స్) లేపవచ్చు. లేదా ఏటవాలు ఉక్కు బద్దెలు (బ్రేసింగ్) వేయవచ్చు. రెండూ నమ్మదగినవే. కానీ ఈ రెండింట్లోనూ భవనం మరింత బిగుసుకుంటుంది, బిగుసుకున్న కొద్దీ నేల నుంచి ఎక్కువ బలాన్ని లోపలికి లాక్కుంటుంది, ఆ బలానికి మళ్లీ ఇంకాస్త దళసరి గోడలు, ఇంకాస్త పెద్ద పునాదులు కావాలి. ఈ గోడలను పెట్టే చోటు చివరికి రోటండాలోకి, సభామందిరాల్లోకి, పాలరాతి మెట్ల పక్కకు వచ్చి చేరుతుంది. ఏ వైభవాన్ని కాపాడటానికి పని మొదలుపెట్టామో, పని పూర్తయ్యేసరికి దాన్నే కప్పేస్తాం. పైగా ఇంత చేసినా, భూకంపం వచ్చిన రోజు భవనం కూలదేమో కానీ లోపలి పెంకు గోడలు, ప్లాస్టరు, రాతి తాపడం అదే స్థాయిలో అదురుతాయి. ప్రాణాలు దక్కవచ్చు, చారిత్రక సంపద మాత్రం రాలిపోతుంది.

బేస్ ఐసోలేషన్ ఈ లెక్కను తిరగవేస్తుంది. భవనానికీ పునాదికీ మధ్య, అడ్డంగా మెత్తగానూ నిలువుగా గట్టిగానూ ఉండే దిమ్మెలు, అంటే బేరింగులు (వీటినే ఐసోలేటర్లు అంటారు) పెడితే, నేల వేగంగా కదిలినా పైభాగం నెమ్మదిగా ఊగుతుంది. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి ఈ ప్రాజెక్టు డిజైన్ అంకెలు కావు. ఒక చోట, ఊగే కాలం (ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం) ఒక సెకను ఉన్న భవనం మీద గురుత్వానికి సమానమైన త్వరణం, అంటే 1 జీ, పడుతుందనుకుందాం. ఆ కాలాన్ని 2.5 సెకన్లకు పెంచితే అదే నేల మీద త్వరణం సుమారు 0.4 జీకి పడిపోతుంది. బలం అరవై శాతం తగ్గినట్టు. అయితే దీనికి మూల్యం ఉంది. స్థానభ్రంశం అన్నది త్వరణాన్ని, రెండు పైలతో భాగించిన కాలపు వర్గంతో గుణించగా వస్తుంది. మొదటి సందర్భంలో అది దాదాపు 25 సెంటీమీటర్లు, రెండో సందర్భంలో 62 సెంటీమీటర్లు. భవనం తక్కువ కాదు, ఎక్కువ కదులుతుంది. తేడా ఎక్కడంటే, మొదటి 25 సెంటీమీటర్లు ఆ ఎత్తైన మెత్తని అంతస్తులోని ఇటుక గోడలను, ఉక్కు అతుకులను చీల్చుకుంటూ వస్తాయి. రెండో 62 సెంటీమీటర్లు ఎవరికీ కనిపించని సెల్లారులో, దానికోసమే తయారైన రబ్బరులో సాగుతాయి.

ఇక్కడ వాడినవి లెడ్ రబ్బర్ బేరింగులు. పలుచని రబ్బరు పొరలు, ఉక్కు పలకలు పూతరేకు మడతల్లా ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉంటాయి. మధ్యలో సీసపు కడ్డీ నిలువుగా దిగి ఉంటుంది. ఉక్కు పలకలు రబ్బరును పక్కలకు ఉబ్బనివ్వవు కాబట్టి నిలువు బరువును బేరింగు గట్టిగా మోస్తుంది. అడ్డంగా నెట్టినప్పుడు రబ్బరు సాగుతుంది, సీసం లొంగి శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఈ పనికి సీసాన్నే ఎన్నుకోవడానికి కారణం దాని లోహ స్వభావం: అది సాధారణ ఉష్ణోగ్రత వద్దే మళ్లీ స్ఫటికీకరించుకుని మునుపటి స్థితికి వస్తుంది కాబట్టి పదేపదే వంగినా అలసి విరగదు. చిన్న బలాలకు సీసం లొంగదు గనుక, మామూలు గాలికి భవనం ఊగుతుందన్న భయమూ లేదు. పసిఫిక్ గాలులు రోజూ తగిలే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇది చిన్న విషయం కాదు. ఈ బేరింగును 1970లలో న్యూజిలాండ్ శాస్త్రవేత్త బిల్ రాబిన్సన్ రూపొందించారు. వెల్లింగ్టన్‌లోని విలియం క్లేటన్ భవనంలో దీన్ని తొలిసారి ఒక భవనం కింద వాడారు.

శాన్‌ఫ్రాన్సిస్కో నిర్ణయం తీసుకునే నాటికి ఈ పద్ధతికి అనుభవ బలం అంతగా లేదు. అమెరికాలో ఐసోలేటర్ల మీద కట్టిన తొలి కొత్త భవనం, కాలిఫోర్నియాలోని ఫుట్‌హిల్ న్యాయ కేంద్రం, 1985 నాటిది. పాత భవనాన్ని ఐసోలేటర్ల మీదికి ఎక్కించిన తొలి ఉదాహరణ యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ సిటీ అండ్ కౌంటీ భవనం. అది 1890ల నాటి ఇసుకరాతి కట్టడం, ఐసోలేటర్ల పని 1989లో పూర్తయింది. సిటీ హాల్‌కు ఇంజనీర్లుగా పనిచేసిన ఫోరెల్ ఎల్సెసర్ సంస్థకు ఆ సాల్ట్‌లేక్ పనిలో కూడా పాలుంది. ఇంతలో 1994 జనవరి 17న లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. ఐసోలేటర్ల మీదున్న యూఎస్‌సీ విశ్వవిద్యాలయ ఆసుపత్రి దగ్గర బయటి నేల మీద 0.49 జీ త్వరణం నమోదైతే, ఆసుపత్రి పైకప్పు మీద 0.21 జీ మాత్రమే నమోదైంది. సాధారణంగా పైకప్పు నేల కంటే ఎక్కువ అదరాలి. ఆసుపత్రి ఆ రోజు కూడా పనిచేసింది. ప్రయోగశాల పరీక్షలు ఎన్ని ఉన్నా, నిజమైన భూకంపంలో నిజమైన భవనం మీద రికార్డయిన ఈ జంట అంకెలు ఒక నగర పాలక వర్గాన్ని ఒప్పించడానికి చాలా విలువైనవని నా అభిప్రాయం.

అదే నార్త్‌రిడ్జ్ ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. భ్రంశానికి దగ్గరలో నేల ఒక్క పెద్ద, నిదానమైన తోపుగా కదులుతుంది. అలాంటి తోపు పొట్టి భవనాల కంటే నెమ్మదిగా ఊగే భవనాలనే ఎక్కువ పరీక్షిస్తుంది. శాన్ ఆండ్రియాస్ పక్కనే ఉన్న సిటీ హాల్‌కు ఇది నేరుగా వర్తించే విషయం. నేల స్వభావం కూడా చూడాలి. 1985లో మెక్సికో నగరంలో చెరువు అడుగు బంకమట్టి దాదాపు రెండు సెకన్ల కాలంతో ఊగి, ఎత్తైన భవనాలను కూల్చింది. అటువంటి నేల మీద బేస్ ఐసోలేషన్ పెట్టడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే. సివిక్ సెంటర్ కింద ఉన్నది ఇసుక నేల. 1989లో కుంగిన, అదే నగరంలోని మరీనా ప్రాంతపు పూడిక నేల వంటిది కాదు. ఈ పరిశీలన లేకుండా బేరింగుల జాబితా తెరిచే ఇంజనీరును నేను నమ్మను.

సెల్లారులో జరిగిన పని

1990లో నగర ఓటర్లు భూకంప భద్రతా పనులకు బాండ్లు ఆమోదించారు. 1995లో భవనాన్ని పూర్తిగా ఖాళీ చేయించారు. 1999 జనవరిలో మళ్లీ తెరిచారు. ఈ మధ్యలో 530 లెడ్ రబ్బర్ బేరింగులు, వాటికి తోడు కొన్ని జారుడు బేరింగులు ఈ భవనం కిందికి చేరాయి. పూర్తయిన నాటికి ప్రపంచంలో ఐసోలేటర్ల మీదున్న అతిపెద్ద భవనం ఇదే.

సిద్ధాంతం చెప్పడం తేలిక. ఉన్న స్తంభాన్ని కోసి మధ్యలో బేరింగు పెట్టడమే అసలు పని. ఒక స్తంభం వందల టన్నులు మోస్తూ ఉంటుంది. దాన్ని కోసే ముందు ఆ బరువును ఇరుపక్కలా కొత్త దూలాల మీదికి, వాటి కింద జాకీల మీదికి ఎక్కించాలి. జాకీల్లో ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచుతూ, స్తంభంలో భారం సున్నాకు వచ్చిందని కొలతలతో నిర్ధారించుకున్నాకే కోత మొదలవ్వాలి. కోసిన చోట బేరింగు అమర్చి, దాని కింద పలుచని ఉక్కు సంచి లాంటి ఫ్లాట్ జాకీ పెట్టి, అందులోకి గట్టిపడే ద్రవం ఎక్కించి, బరువును బేరింగు మీదికి దించాలి. ఇది చేయకుండా ఊరికే జాకీలు వదిలితే రబ్బరు కాస్త అణిగి, స్తంభం కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. ఉక్కు చట్రానికి అది లెక్కలోకి రాని దిగుబడి. మూడంతస్తుల పైనున్న ఎనభై ఏళ్ల ప్లాస్టరుకు, పాలరాతి అతుకులకు అదే పగులు.

దీన్ని వందల చోట్ల చేయాలి, అదీ ఒక క్రమంలో చేయాలి. పక్కపక్క స్తంభాలను ఒకేసారి తెరవకూడదు. బరువు ఎక్కువగా దిగే చోట ఒకే స్తంభానికి ఒకటికి మించి బేరింగులు కావాలి. వాటన్నిటికీ భారం సమంగా పంచే దళసరి ఉక్కు లేదా కాంక్రీటు పీఠం కావాలి. ఎత్తు తక్కువ ఉన్న సెల్లారులో పెద్ద యంత్రాలు పట్టవు గనుక మనుషుల చేతి పనే ఎక్కువ. నిర్మాణం మధ్యలో భూకంపం వస్తే ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది. సగం స్తంభాలు రబ్బరు మీద, సగం పాత పునాది మీద ఉన్న భవనం అన్ని స్థితుల్లోకీ ప్రమాదకరం. అందుకే ఈ తరహా పనుల్లో బేరింగులను తాత్కాలికంగా ఉక్కు పట్టీలతో బిగించి ఉంచి, చివర అన్నీ సిద్ధమైనాకే విడుదల చేస్తారు. బేస్ ఐసోలేషన్ ఖర్చును బేరింగుల ధరగా లెక్కవేసే వారిని చూస్తుంటాను. రబ్బరు ధర అందులో చిన్న వాటా. డబ్బు, కాలం రెండూ ఈ భారం మార్పిడికే పోతాయి.

బేరింగుల పైన మొత్తం భవనాన్ని ఒక్క పళ్లెంలా కలిపి ఉంచే గట్టి నేల స్లాబు అవసరం. అది లేకపోతే ఒక మూల ఒకలా, మరో మూల ఇంకోలా కదిలి, ఐసోలేషన్ లక్ష్యమే దెబ్బతింటుంది. గుమ్మటం వంటి ఎత్తైన భాగం ఉన్నప్పుడు మరో చిక్కు వస్తుంది: అది ఊగినప్పుడు ఒక పక్క బేరింగులు అణుగుతాయి, రెండో పక్కవి పైకి లాగబడతాయి. రబ్బరు అణచివేతను బాగా భరిస్తుంది కానీ లాగుడును భరించదు. బరువు తక్కువగా ఉన్న చోట్ల జారుడు బేరింగులు వాడటంలోని ఉపయోగాల్లో ఇదొకటి. అవి పైకి లేచినా తెగేదేమీ ఉండదు.

భవనం పైభాగాన్ని అసలు ముట్టుకోనక్కర్లేదని ఐసోలేషన్ గురించి ఒక అపోహ ఉంది. సిటీ హాల్‌లో పై అంతస్తుల్లోనూ కొత్త కాంక్రీటు గోడలు వేయాల్సి వచ్చింది, గుమ్మటాన్ని కూడా బలపరచాల్సి వచ్చింది. కారణం సూటిగానే ఉంది. పైభాగం బేరింగుల కంటే చాలా బిగువుగా ఉంటేనే కదలిక బేరింగుల్లో జరుగుతుంది; ప్రధాన అంతస్తు మెత్తగానే ఉండిపోతే కదలికను అది పంచుకుంటుంది. అయితే పునాది స్థిరంగా ఉండే పద్ధతిలో కావలసిన గోడలతో పోలిస్తే ఇవి తక్కువ, పలుచన. ప్రజలు చూసే గదుల్లోకి రాకుండా దాచగలిగే పరిమాణంలోవి. మొదట చెప్పిన ఎంపిక ఫలితం ఇక్కడే చేతికొస్తుంది.

నిలువు కుదుపును లెడ్ రబ్బర్ బేరింగులు ఆపవన్న విషయం కూడా దాచకూడదు. నేల పైకీ కిందికీ అదిరితే అది దాదాపు యథాతథంగా పైకి పోతుంది. కాబట్టి వేలాడే ప్లాస్టరు కప్పులకు, దీపగుచ్ఛాలకు, రాతి కార్నీసులకు విడిగా పట్టు ఇవ్వాల్సిందే.

కందకం

ఐసోలేటర్ల మీదున్న భవనం అన్ని వైపులా కదలడానికి ఖాళీ కావాలి. సిటీ హాల్ చుట్టూ రెండడుగులకు పైగా కదలిక పట్టేలా కందకం తవ్వి, కనిపించకుండా పైన పలకలు మూశారు. వినడానికి ఇదో చిన్న సివిల్ పని. నా దృష్టిలో డ్రాయింగుల సంఖ్యలో సగం దీని చుట్టూనే ఉంటుంది. ముఖద్వారపు మెట్లు భవనంతో పాటు కదలాలా, నేలతో పాటు ఆగాలా? ఏదో ఒకటి తేల్చి, మధ్యలో జారే అతుకు ఇవ్వాలి. మంచినీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, గ్యాసు, కరెంటు కేబుళ్లు, అగ్నిమాపక లైన్లు అన్నీ కందకాన్ని దాటే చోట రెండడుగులు ఎటైనా సాగే వంపులతో ఉండాలి. లిఫ్టు గుంట సాధారణంగా నేలలోకి దిగుతుంది; ఇక్కడ అది పైనున్న భవనానికి వేలాడుతూ, అడుగున నేలకు తగలకుండా ఉండాలి. ఇందులో ఒక్కటి మరచినా, ఆ ఒక్క చోట భవనం నేలకు కట్టేసినట్టే.

పునరుద్ధరణ, ఖర్చు, విమర్శ

భూకంప రక్షణకు ఎలాగూ ఖాళీ చేసిన భవనంలో వాస్తు పునరుద్ధరణను కలిపి చేయడం ఈ ప్రాజెక్టులోని రెండో మంచి నిర్ణయం. నగర ఆర్కిటెక్చర్ విభాగం ఆధ్వర్యంలో, కేరీ అండ్ కంపెనీ వారసత్వ వాస్తు సలహాదారులుగా ఈ భాగం సాగింది. కాలక్రమంలో కార్యాలయాల కోసం మూసేసిన ఉత్తర, దక్షిణ వెలుతురు ప్రాంగణాలను మళ్లీ తెరిచి, పైన గాజు కప్పులను పునరుద్ధరించారు. ఈనాడు ఆ ప్రాంగణాలే నగర సభలకు, వేడుకలకు కేంద్రాలు. ఏ పునరుద్ధరణలోనైనా తర్వాతి తరం అదనపు గదుల కోసం పెట్టిన తాత్కాలిక అడ్డుగోడలే అసలు రూపానికి పెద్ద శత్రువులు. హైదరాబాద్‌లో పాత సర్కారీ కార్యాలయాలు చూసిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

మొత్తం ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లకు చేరింది. 1996లో మేయరైన విల్లీ బ్రౌన్ గుమ్మటానికి బంగారు రేకు తాపడం చేయించాలని పట్టుబట్టి చేయించారు. దానిపై విమర్శలు వచ్చాయి. ఇంజనీరుగా ఆ బంగారం గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. మొత్తంలో అది చిన్న మొత్తం. పైగా పరంజా కట్టి ఉన్న రోజుల్లో చేయని పైపని తర్వాత ఎన్నో రెట్లు ఖరీదవుతుంది. విమర్శించాల్సింది ఏదైనా ఉంటే, నగరంలోని వేలాది మెత్తని కింది అంతస్తుల ఇళ్లను బలపరచే తప్పనిసరి చట్టం 2013 దాకా రాకపోవడాన్ని విమర్శించాలి. ప్రభుత్వ భవనానికి చూపిన తొందర ప్రజలు నిద్రపోయే ఇళ్లకు అంతే త్వరగా అందలేదు.

మన దగ్గర ఏది పనికొస్తుంది

భారతదేశంలో ఈ బేరింగుల ప్రయోజనానికి అందరికీ తెలిసిన ఉదాహరణ భుజ్ ఆసుపత్రి. 2001 జనవరి 26 భూకంపంలో కూలిన పాత ఆసుపత్రి స్థానంలో కట్టిన కొత్తదాన్ని న్యూజిలాండ్ పరిజ్ఞానంతో లెడ్ రబ్బర్ బేరింగుల మీద నిలబెట్టారు. కచ్ ప్రాంతం అత్యధిక ప్రమాద మండలం కాబట్టి అది సబబు. తెలుగు రాష్ట్రాల పరిస్థితి వేరు. భారత భూకంప ప్రమాణం ఐఎస్ 1893లోని 2016 నాటి పటం ప్రకారం (మండలం సంఖ్య పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ) హైదరాబాద్ రెండో మండలంలో, విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడో మండలంలో ఉన్నాయి. 1967లో ఒంగోలులో, 1969లో భద్రాచలంలో, 2024 డిసెంబరు 4న ములుగులో భూమి కంపించింది; ములుగు కంపం 5.3 తీవ్రతతో హైదరాబాద్ దాకా తెలిసింది. ప్రశాంతమనుకున్న దక్కనులోనే 1993లో కిల్లారి భూకంపం వేలాది ప్రాణాలు తీసింది, అక్కడ చంపింది మట్టిలో పేర్చిన దళసరి రాతి గోడలే.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం లాంటి, సున్నపు గారతో, రాతితో, ఇటుకతో కట్టిన కట్టడాలకు శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతిని యథాతథంగా తేవడాన్ని నేను సమర్థించను. వాటికి ఉక్కు చట్రం లేదు. బరువు స్తంభాల మీద కాకుండా గోడల పొడవునా దిగుతుంది కాబట్టి కోయడానికి స్తంభమే ఉండదు, గోడంతా ముక్కలు ముక్కలుగా తొలిచి కింద దూలాలు పోయాలి. రెండో మండలపు ప్రమాదానికి ఆ ఖర్చు పొసగదు. వాటికి కావలసింది గోడలను కప్పుతో కట్టే ఉక్కు తీగలు, కమ్మీలు, గోడ లోపలి ఖాళీలను సున్నపు గ్రౌటుతో (పలుచని ముద్దతో) నింపడం, పిట్టగోడలకు, మినార్లకు వెనుక నుంచి పట్టు, కారే కప్పు బాగుచేయడం. సిమెంటు గ్రౌటు వద్దు. అది గోడలో తేమను బంధించి పాత సున్నాన్ని తినేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తెచ్చుకోవలసింది పనిముట్టు కాదు, క్రమం: ముట్టుకోకూడనివి ఏవో వాస్తు నిపుణులతో కలిసి కాగితం మీద పెట్టాక ఇంజనీరు పద్ధతిని ఎన్నుకోవడం.

నిర్వహణ

భూకంప రక్షణ పూర్తయినట్టు ప్రకటించిన రోజు నుంచే ఐసోలేటెడ్ భవనానికి ఒక కొత్త బాధ్యత మొదలవుతుంది. రబ్బరు నెమ్మదిగా గట్టిపడుతుంది. దాని లక్షణాలు డిజైన్ హద్దుల్లోనే ఉన్నాయో లేదో కాలానుగుణంగా చూడాలి. ఇందుకోసం భవనం మోసే బరువుతోనే నొక్కి ఉంచిన అదనపు బేరింగులను పక్కన పెట్టి, అవసరమైనప్పుడు పరీక్షించడం మంచి పద్ధతి. బేరింగుల దగ్గరికి మనిషి చేరే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. ప్రతి గుర్తించదగ్గ కంపం తర్వాత బేరింగులు మధ్య స్థానానికి తిరిగి వచ్చాయా, పక్క పొరలు చీలాయా అన్నది చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ గండం కందకానికే. ఏళ్లు గడిచాక కొత్త కాంట్రాక్టరు ఎవరో కేబులు వేయడానికి, మెట్ల పక్క ర్యాంపు కట్టడానికి, చెత్త నింపడానికి ఆ ఖాళీని వాడుకుంటాడు. కాంక్రీటు ముద్ద ఒకటి ఆ రెండడుగుల్లో ఇరుక్కుంటే, కోట్ల డాలర్ల రబ్బరు కదలనే కదలదు. అందువల్ల భవనం అప్పగించేటప్పుడు ఇచ్చే పత్రాల్లో కందకం హద్దులు, దానిలో ఏమీ కట్టరాదన్న షరతు, కొత్త పైపులైను వేయాలంటే ఎవరి సంతకం కావాలన్నది మొదటి పేజీలోనే ఉండాలి. ఆ పేజీని నగర ఇంజనీరు మారినప్పుడల్లా కొత్తవారికి చదివి, సెల్లారులోకి తీసుకెళ్లి చూపించే ఏర్పాటు నిర్వహణ బడ్జెట్లోనే చేర్చాలి.